ప్రార్థనలో ఉన్న పిల్లల్ని దేవుడు ఎందుకు కాపాడలేదని అడిగిన బాబుకి, వాళ్ళమ్మకి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. మీరుండేది మిన్నియాపోలిస్ దగ్గర. 2025 ఆగస్టు 27న అక్కడి అనన్సియేషన్ చర్చిలో, ఆ చర్చి బడి తెరిచిన మొదటి వారంలో, పిల్లలంతా ప్రార్థనలో కూర్చుని ఉండగా బయట నుంచి కిటికీల్లోకి కాల్పులు జరిగాయి. ఎనిమిదేళ్ళు, పదేళ్ళు వయసున్న ఇద్దరు పిల్లలు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. ఆ రాత్రి నుంచి మీ తొమ్మిదేళ్ళ బాబు ఒకటే మాట పట్టుకున్నాడు: "వాళ్ళు దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటేనే కదమ్మా, మరి దేవుడెందుకు ఆపలేదు?" వాడికేం చెప్పాలని మీరు అడిగారు. మీ గుడి వాళ్ళు శాంతి హోమం చేయించి, ఆ కుటుంబాలకి క్షమాగుణం గురించి ఒక సందేశం పంపాలనుకుంటున్నారు, అది సబబేనా అని అడిగారు. అక్కడే ఒక పెద్దాయన "అంతా పూర్వజన్మ కర్మ" అంటే మీకు కడుపులో దేవినట్టయిందట, నా భక్తిలోనే ఏదైనా లోపం ఉందా అని చివర్లో రాశారు.

నేను పెన్సిల్వేనియాలో 23 ఏళ్ళుగా స్కూల్ కౌన్సెలర్‌ని. ఆదివారాలు మా గుడిలో పిల్లలకి పురాణ కథలు చెబుతాను. చావు ఇంట్లో, ఆసుపత్రి వరండాల్లో, భయంతో బడికి రానని మొండికేసిన పిల్లల పక్కన చాలా కాలం కూర్చున్నదాన్ని. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు మీ చివరి ప్రశ్న. మీ భక్తిలో ఏ లోపమూ లేదు. ఆ మాటకి కడుపులో దేవకపోతే నేను కంగారుపడేదాన్ని.

చాలా ఏళ్ళ క్రితం మా ఊళ్ళో ఒక తెలుగు కుటుంబంలో పదిహేడేళ్ళ అబ్బాయి కారు ప్రమాదంలో పోయాడు. మూడో రోజు పరామర్శకి వెళ్ళాను. హాల్లో మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకాయన మంచి ఉద్దేశంతోనే కర్మ గురించి, రుణానుబంధం గురించి వివరంగా చెబుతున్నాడు. ఆ తల్లి వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది, చేతిలో బియ్యం డబ్బా మూత. డబ్బాకి పెట్టదు, కింద పెట్టదు. హాల్లోంచి మాటలు వినబడుతున్నకొద్దీ ఆ మూత అంచుని బొటనవేలితో రుద్దుతూనే ఉంది. వేలు ఎర్రగా కమిలిపోయింది. చివరికి నా వైపు తిరిగి, "అక్కా, వాడు పదిహేడేళ్ళకే అంత పాపం ఏం చేసి ఉంటాడు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. పక్కన కూర్చుని ఆ మూత నెమ్మదిగా తీసుకున్నాను, అంతే.

కర్మ అనే ఆలోచన నేనూ నమ్ముతాను. నా తప్పులు నేను దిద్దుకోవడానికి నాకది పనికొస్తుంది. దాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి బిడ్డ మీద తీర్పులా పెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఆ పెద్దాయనతో గొడవ పడకండి. వయసులో పెద్దవాళ్ళకి కూడా ఇలాంటి వార్త వింటే భయమేస్తుంది, ఏదో ఒక కారణం దొరికితే తప్ప నిద్ర పట్టదు. కానీ ఆ మాట ఆ కుటుంబాల చెవిన పడకుండా, మీ బాబు ఎదుట రాకుండా చూడండి. "బాబాయిగారూ, పిల్లల ముందు వద్దండీ" అంటే సరిపోతుంది.

ఇప్పుడు బాబు సంగతి. "నాకూ తెలీదు కన్నా. నేనూ దేవుణ్ణి అదే అడుగుతున్నాను" అని చెప్పండి. అమ్మకి తెలియదంటే పిల్లాడు బెంగపడతాడేమో అని మనం అనుకుంటాం. నేను చూసినంతలో అబద్ధం చెప్పినప్పుడే ఎక్కువ బెంగపడతారు. "దేవుడికి వాళ్ళంటే ఇష్టం, అందుకే తన దగ్గరికి పిలుచుకున్నాడు" అని మాత్రం అనకండి. ఆ మాట విన్న ఒక పాప మా దగ్గర పూజ గదిలోకి వెళ్ళడమే మానేసింది. మంచిగా ఉంటే నన్నూ పిలుస్తాడేమో అని దాని భయం. ఆ సంగతి బయటికి రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. "దేవుడి దయ, మనం అక్కడ లేము" అని కూడా వద్దు. వాడు చురుకైనవాడిలా ఉన్నాడు, అయితే వాళ్ళ మీద దయ లేదా అని అడుగుతాడు.

దానికి బదులు అక్కడ జరిగిన ఇంకో నిజం చెప్పండి. ఆ బడిలో పెద్ద తరగతి పిల్లలు చిన్నపిల్లలకి జోడీగా కూర్చుంటారు. తుపాకి మోత వినగానే కొంతమంది పెద్దపిల్లలు బల్లల కింద చిన్నవాళ్ళకి తమ ఒంటిని అడ్డం పెట్టారు. దేవుడు ఎక్కడున్నాడని మీవాడు అడుగుతున్నాడు కదా, వెతకడానికి వాడికి ఒక చోటు దొరుకుతుంది. అక్కడే ఉన్నాడని మీరు తేల్చి చెప్పకండి, వాడినే ఆలోచించుకోనివ్వండి.

ఇంట్లో టీవీ వార్తలు కట్టేయండి, వాడు పక్క గదిలో ఉన్నా సరే. స్నానం, హోంవర్క్, పడుకునే టైము, అన్నీ ఎప్పటిలాగే ఉండనివ్వండి. కడుపునొప్పి, తలనొప్పి అంటాడు, నాటకం అనుకోకండి, చాలామంది పిల్లలకి భయం కడుపులోకే వెళ్తుంది. మళ్ళీ మీ పక్కలో పడుకుంటానంటే కొన్నాళ్ళు పడుకోనివ్వండి. నెల దాటినా నిద్ర పట్టకపోతే, బడికి పోనని ఏడుస్తుంటే, అప్పుడు వాళ్ళ డాక్టర్‌తోనో బడి కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. కౌన్సెలింగ్ అంటే మనవాళ్ళకి ఇంకా నామోషీ ఉంది. జ్వరం తగ్గకపోతే తీసుకెళ్ళమా?

ఇక ఆ క్షమ సందేశం. దయచేసి పంపకండి. ఎందుకో చెప్పాలంటే మా రాష్ట్రంలో జరిగినది చెప్పాలి.

2006 అక్టోబర్ 2, సోమవారం. నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. మధ్యాహ్నం ఆఫీసు గదిలో రేడియో చుట్టూ అందరం నిలబడిపోయాం. మాకు కొంత దూరంలో లాంకాస్టర్ కౌంటీలో నికెల్ మైన్స్ అనే చోట ఆమిష్ వాళ్ళ బడి మీద దాడి జరిగిందని. ఆమిష్ వాళ్ళంటే పాతకాలపు పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ శాఖ, మీకు తెలిసే ఉంటారు. గుర్రబ్బగ్గీల్లో తిరుగుతారు, ఇంటికి కరెంటు లైను పెట్టుకోరు, పిల్లలందరికీ ఒకే గది ఉన్న చిన్న బడి ఉంటుంది. ఆ ఊళ్ళో పొలాల నుంచి పాలు తీసుకెళ్ళే లారీ డ్రైవర్ ఒకడు, 32 ఏళ్ళవాడు, వాళ్ళ మతం వాడు కాదు గానీ అందరికీ తెలిసిన మనిషి, బడిలోకి వచ్చాడు. మగపిల్లల్ని, పెద్దవాళ్ళని బయటికి పంపేశాడు. ఆరు నుంచి పదమూడేళ్ళ మధ్య వయసున్న పదిమంది ఆడపిల్లల్ని కాల్చి, తననీ కాల్చుకున్నాడు. ఐదుగురు పిల్లలు పోయారు. వాళ్ళలో పెద్దపిల్ల, చిన్నవాళ్ళకి కొంచెం సమయం దొరుకుతుందని, ముందు నన్ను కాల్చమని అడిగిందని బతికిన పిల్లలు చెప్పారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతుంది.

అతని పేరు నేను రాయను. ఇలాంటి వాళ్ళ పేర్లు పదే పదే పలకకూడదని ఈ పనిలో ఉన్న చాలామందిమి అనుకున్నాం. కానీ అతను రాసిపెట్టిన ఉత్తరంలో సంగతి ఒకటి చెప్పాలి. తొమ్మిదేళ్ళ ముందు అతని మొదటి కూతురు పుట్టిన కొద్ది నిమిషాలకే పోయింది. దేవుడి మీద ఆ కోపం తనకి తగ్గలేదని రాశాడు. మీ బాబు అడిగిన ప్రశ్నే అది. లోపల పెట్టుకుని, ఎవరికీ చెప్పుకోకుండా ఏళ్ళ తరబడి మగ్గితే ఆ ప్రశ్న ఎంత కుళ్ళిపోగలదో చూడండి. బాబు మిమ్మల్ని బయటికే అడుగుతున్నాడంటే నాకు సంతోషం.

అదే రోజు ఆమిష్ పెద్దలు కొంతమంది ఆ హంతకుడి భార్య దగ్గరికి వెళ్ళారు. మీ మీద మాకు కోపం లేదని చెప్పారు. ఇంకొకాయన అతని తండ్రి దగ్గరికి వెళ్ళి, ఆయన కుమిలి కుమిలి ఏడుస్తుంటే చాలాసేపు అలాగే పట్టుకుని ఉన్నాడు. కొద్ది రోజులకి హంతకుడి అంత్యక్రియలకి వచ్చినవాళ్ళు 75 మంది దాకా, అందులో సగం మందికి పైగా ఆమిష్ వాళ్ళే. వాళ్ళలో అంతకు ముందే తమ కూతుళ్ళని మట్టిలో పెట్టిన తల్లిదండ్రులూ ఉన్నారు. ప్రపంచం నలుమూలల నుంచి నలభై లక్షల డాలర్లకి పైగా విరాళాలు వస్తే, హంతకుడి భార్యాపిల్లలకీ అందులో కొంత ఇచ్చారు.

పేపర్లన్నీ దీన్ని అద్భుతం అని రాశాయి. కొందరు విమర్శించారు కూడా, అంత త్వరగా క్షమిస్తే చనిపోయిన పిల్లలకి అన్యాయం కాదా అని. నాకు ఆ రెండూ పైపైన చూసి అన్న మాటలే అనిపించాయి. ఆమిష్ వాళ్ళు రోజూ చెప్పుకునే ప్రార్థనలోనే ఉంది, మేము ఇతరులని క్షమించినట్టు మమ్మల్ని క్షమించు అని. తాతలనాటి నుంచి నోటికి అలవాటైన మాట ఆ రోజు కాళ్ళని నడిపించింది. అంతమాత్రాన గుండె తేలికైపోలేదు. క్షమించామని చెప్పాక కూడా మళ్ళీ మళ్ళీ కోపం వస్తుందని, ప్రతి రోజూ మళ్ళీ మొదటినుంచి క్షమించుకోవాల్సి వస్తుందని ఆ తల్లిదండ్రులే చెప్పారు. కౌన్సెలర్ల సాయమూ తీసుకున్నారు. అంత దైవభక్తి ఉన్నవాళ్ళే తీసుకున్నారంటే, మనం ఆ నామోషీ వదిలేయొచ్చు.

పది రోజులకి ఆ బడి కట్టడాన్ని పూర్తిగా పడగొట్టారు. 2007 ఏప్రిల్‌లో వేరే చోట కొత్త బడి తెరిచారు, పేరు న్యూ హోప్. కొన్నేళ్ళ తర్వాత ఒకసారి నేను ఆ పాత స్థలం వైపు కారులో వెళ్ళాను. పచ్చిక, ఐదు చెట్లు. ఆగి దిగాలా వద్దా అని ఆలోచిస్తుండగా వెనక నుంచి గుర్రం డెక్కల చప్పుడు వినబడింది. ఒక బగ్గీ నన్ను దాటుకుంటూ వెళ్ళింది, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు తల తిప్పి నన్ను చూశారు. నేను దిగలేదు. వాళ్ళ దుఃఖాన్ని చూడ్డానికి వచ్చిన పరాయిదాన్ని కదా అనిపించి తిరిగి వచ్చేశాను.

ఆ హంతకుడి తల్లి గురించి చాలామందికి తెలియదు. కొడుకు చేసిన పనికి ఊరు వదిలి వెళ్ళిపోదామనుకుంది. ఆమిష్ వాళ్ళు ఉండమన్నారు. బతికిన పిల్లల్లో ఒక చిన్నపాప తలకి తగిలిన దెబ్బతో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైపోయింది. ఆవిడ వారానికోసారి ఆ ఇంటికి వెళ్ళి, ఆ పాపకి స్నానం చేయించి, పుస్తకం చదివి, పాటలు పాడి వచ్చేది. ఏళ్ళ తరబడి. 2017లో క్యాన్సర్‌తో ఆవిడ పోయింది. ఆ పాప 2024 వరకు బతికింది. తన కొడుకు కాల్చిన పిల్లకి స్నానం చేయించడానికి ఆవిడ ఆ గడప ఎలా దాటిందో, ఆ తల్లి ఆవిడ చేతికి పిల్లని ఎలా ఇచ్చిందో, ఇన్నేళ్ళయినా నాకు ఊహకి అందదు.

ఇది చెప్పి కూడా సందేశం పంపొద్దని ఎందుకంటున్నానంటే, క్షమించే పని దెబ్బ తగిలినవాళ్ళది. బయటినుంచి మనం దాన్ని సలహాగా ఇవ్వకూడదు. 2012 డిసెంబర్ 14న కనెక్టికట్‌లోని న్యూటౌన్‌లో, శాండీ హుక్ బడిలో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్ళు చనిపోయారు. ఆ తల్లిదండ్రులలో కొందరు కోర్టుకి వెళ్ళారు, కొందరు చట్టాల కోసం తిరిగారు, కొందరు ఇంట్లో తలుపులు వేసుకున్నారు. 1996 మార్చిలో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్‌లో 16 మంది పిల్లలు, వాళ్ళ టీచరు చనిపోతే, ఆ కాలంలో అక్కడ పూసే స్నోడ్రాప్ పువ్వు పేరుతో జనం సంతకాలు సేకరించారు. మరుసటి ఏడాదికి బ్రిటన్‌లో చేతి తుపాకులు దాదాపుగా నిషేధమయ్యాయి. వీళ్ళలో ఎవరి భక్తి తక్కువదని మనం కొలవగలం?

మీ గుడి వాళ్ళకి మన భాషలోనే చెప్పాలనుకుంటే భాగవతంలో ద్రౌపదిని గుర్తు చేయండి. అశ్వత్థామ అర్ధరాత్రి వచ్చి నిద్రపోతున్న ఆమె ఐదుగురు కొడుకుల్ని చంపేశాడు. వాడికీ తండ్రి పోయిన కోపమే. అర్జునుడు కట్టి తెచ్చి ఎదుట నిలబెడితే ఆ తల్లి ముందు ఏమందో మనకి చిన్నప్పుడు బళ్ళో పద్యంగా చెప్పారు. వాళ్ళు నీ మీదికి యుద్ధానికి రాలేదే, నీకేం ద్రోహం చేయలేదే, నిద్రలో ఉన్న పసివాళ్ళని చంపడానికి నీ చేతులెలా వచ్చాయి అని అడిగింది. ముందు అది అడిగింది. ఆ తర్వాతే వాడి తల్లి కృపి కూడా నాలాగే ఏడుస్తుంది కదా, వదిలిపెట్టమంది. ప్రాణం తీయలేదు గానీ ఊరికే పంపించలేదు కూడా. తల గొరిగి, శిరోమణి తీసేసి వెళ్ళగొట్టారు. ఆదివారం క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా నేను ఆ మొదటి ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఆ ప్రశ్న అడగనివ్వకుండా ద్రౌపదికి ఎవరైనా శాంతి పాఠం చెప్పి ఉంటే ఎలా ఉండేదో పిల్లల్ని ఆలోచించమంటాను. మీ పక్క ఊళ్ళో ఆ తల్లులు ఇంకా ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నారు.

శాంతి హోమం చేయించండి. మీ అందరి మనసు నెమ్మదించడానికి అది కావాలి. ఫొటోలు తీసి వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. చనిపోయిన పిల్లల ఫొటోలు బ్యానర్ మీద అస్సలు వేయకండి.

వస్తువులు కూడా పంపకండి. న్యూటౌన్‌కి టెడ్డీబేర్లే దాదాపు 65,000 వచ్చాయి. ఆ ఊరి జనాభా ముప్పై వేలు కూడా లేదు. వాటిని పెట్టడానికి గోడౌన్లు వెతకాల్సి వచ్చింది. చివరికి వీధుల్లో పెట్టిన పూలు, కొవ్వొత్తులు, బొమ్మలు కాల్చి, ఆ బూడిదని తర్వాత కట్టబోయే స్మారకం మట్టిలో కలపడానికి దాచారు. ఆ స్మారకం 2022లో తెరిచారు. ప్రేమతో పంపినవే అన్నీ, కాదనను. కానీ దుఃఖంలో ఉన్న ఊరికి అది ఇంకో పని అయింది. డబ్బు పోగుచేస్తే అనన్సియేషన్ బడివాళ్ళని అడిగి, వాళ్ళు కావాలన్నప్పుడు, కావాలన్నదానికి ఇవ్వండి. గాయపడిన పిల్లలకి వైద్యం, కౌన్సెలింగ్ ఏళ్ళ తరబడి నడుస్తాయి. ఆరు నెలలు ఆగి ఇచ్చినా ఆలస్యం కాదు.

చర్చిలో జరిగే ప్రార్థనకి మనం వెళ్ళొచ్చా అనే సందేహం మీ గుడిలో కొందరికి ఉందని రాశారు. అది మన ఒక్కళ్ళ సందేహమే కాదు. న్యూటౌన్‌లో అన్ని మతాలవాళ్ళూ కలిసి చేసిన ప్రార్థనలో పాల్గొన్నందుకు ఒక లూథరన్ పాస్టర్‌ని వాళ్ళ చర్చి పెద్ద క్షమాపణ చెప్పమన్నాడు, ఆయన చెప్పాడు. దాని మీద చాలామంది బాధపడ్డాక ఆ పెద్దే తాను వ్యవహరించిన తీరుకి క్షమాపణ కోరాడు. వెళ్ళండి. వెనక వరసలో కూర్చోండి. వాళ్ళ మంత్రం మీకు రాకపోతే మౌనంగా ఉండండి. మన ఊళ్ళలో చావు ఇంట్లో పొయ్యి వెలగదు, పక్కింటివాళ్ళే అన్నం వండి పంపుతారు, ఆ ఇంటివాళ్ళ కులం మతం అప్పుడు చాలామంది చూడరు. అదే పద్ధతి ఇక్కడా పాటించండి.

ఇంకో విషయం ఉంది, మనవాళ్ళలో ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను అడిగేస్తున్నాను. మీకు తెలిసిన తెలుగు ఇళ్ళలో తుపాకి ఎంతమంది దగ్గర ఉంది? 2023 మేలో టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది పోతే అందులో మన హైదరాబాద్ వైపు అమ్మాయి ఉంది. ఆ భయంతో తుపాకి కొన్నవాళ్ళు నాకే తెలుసు. బడుల్లో కాల్పులు జరిపిన పిల్లల్లో ఎక్కువమంది తుపాకి తెచ్చుకున్నది సొంత ఇంట్లోంచో, దగ్గర చుట్టాల ఇంట్లోంచో. కొన్నవాళ్ళని తప్పు పట్టను, తాళం వేసి, తూటాలు వేరే చోట పెట్టమని చెప్పండి. మీ బాబుని ఎవరింటికైనా ఆడుకోవడానికి పంపే ముందు "మీ ఇంట్లో గన్ ఉందా, లాక్ చేసి ఉంటుందా" అని అడగండి. మొహమాటంగా ఉంటుంది. వేరుశెనగ అలెర్జీ గురించి చెప్పినంత మామూలుగా అడగండి. తోటిపిల్లాడు ఎవరైనా బెదిరింపుగా మాట్లాడినా, చచ్చిపోతానన్నా, పెద్దవాళ్ళకి చెప్పడం చాడీ కాదని బాబుకి నేర్పండి. పెన్సిల్వేనియాలో 2019 నుంచి పిల్లలు పేరు చెప్పకుండా కబురు చేయడానికి సేఫ్ టు సే సమ్‌థింగ్ అని ఒకటి ఉంది. మీ బడిలో అలాంటిది ఏముందో కనుక్కోండి.

కాల్పులు జరిగిన రోజున అనన్సియేషన్ బడి ప్రిన్సిపల్ ఒక ఆఫ్రికా సామెత చెప్పాడు, ప్రార్థించేటప్పుడు కాళ్ళు కదిలించు అని. ఇందాక చెప్పిన ఆ బియ్యం డబ్బా తల్లి ఇంటికి మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ ప్రతి బుధవారం వచ్చేది. ఒక గిన్నెలో పప్పుచారు తెచ్చి, సింకులో ఉన్న అంట్లు తోమి, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయేది. ఏడాదిన్నర పాటు వచ్చింది. దేవుడి మాట ఒక్కటీ ఎత్తలేదు. ఆ తల్లి మళ్ళీ గుడికి వచ్చిన మొదటి రోజు ఆవిడ చెయ్యి పట్టుకునే వచ్చింది.

కాబట్టి సందేశానికి బదులు మీ గుడి కమిటీని ఒక పని అడగండి. మొదటి నెలలో అందరూ వెళ్తారు, అది నాకు దిగుల్లేదు. క్యాలెండర్ తీసి క్రిస్మస్ వారం దగ్గర, బడి చివరి రోజు దగ్గర, 2026 ఆగస్టు 27 దగ్గర, ఎవరు వెళ్ళి ఆ బడివాళ్ళని పలకరించి వస్తారో మనిషి పేరు రాసి పెట్టమనండి. ఒకచోట మీ పేరు రాయండి, బాబుని కూడా తీసుకెళ్ళండి.